చూరుకు కట్టిన చిక్కుళ్ళు

వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ఇంట్లో ఒక్క కట్ట తోటకూర కూడా సరిగ్గా పండలేదంటే ఎవరూ నమ్మరు. మా ఆవిడ మాత్రం సాక్ష్యం చెబుతుంది. విస్తరణాధికారిగా గోదావరికి ఇవతల ఒడ్డూ అవతల ఒడ్డూ ఊరూరా తిరిగాను. ఏ విత్తనం ఏ కార్తెలో పడాలో, లీటరు నీటికి మందు ఎంత కలపాలో నోటికే చెప్పేవాణ్ణి. నోటికి వచ్చింది చేతికి రాలేదు. పదవి పోయాకే పాదు తవ్వడం మొదలుపెట్టాను. తోచనివాడికి తోట అని మా ఆవిడ దానికి సామెత కట్టింది. ఆవిడ పుట్టిల్లు మధిర. ఆ వైపు సామెతలకు కరువు లేదు.

ఈ ఏడు మాత్రం తోచక తవ్వలేదు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ పెట్టేసి, నా వైపు చూడకుండా, అమ్మాయికి అయిదో నెల అని చెప్పింది. నాకు చెప్పినట్టు కాదు, గోడ మీది క్యాలెండరుకు చెప్పినట్టు చెప్పింది. మాకు ఉన్నది ఒక్కతే కూతురు. తనకూ నాకూ మాటలు లేక అప్పటికి రెండేళ్ళు దాటింది. నేను విననట్టే లేచి, గునపం అందుకుని, ఇంటికీ రోడ్డుకీ మధ్య ఉన్న జాగాలోకి వెళ్ళాను. కంచె వారగా రెండు గుంటలు తీసి, పశువుల ఎరువు వేసి, చిక్కుడు గింజలు పెట్టాను. తాత కాబోతున్నానని తెలిసినప్పుడు మామూలు మనుషులు ఏం చేస్తారో నాకు తెలియదు. నేను గింజలు పెట్టాను.

మాటలు ఎందుకు లేవో చెప్పాలి.

మా అమ్మాయి మణుగూరులో గురుకులం లెక్కల టీచరు. అక్కడే బొగ్గు గనుల్లో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్న అబ్బాయిని ఇష్టపడింది. కోయవాళ్ళ అబ్బాయి. వాళ్ళ ఊరు మణుగూరుకు ఇవతల, పెద్ద రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్ళు అడవిలోకి నడవాలి. అలాంటి ఊళ్ళకు జీపులో వెళ్ళి, వాళ్ళు వాల్చిన మంచాల మీద కూర్చుని, విత్తనాల సంచులు పంచి, దాహమైతే నా సీసాలో నీళ్ళే తాగి వచ్చినవాణ్ణి నేను. అయినా పెళ్ళి వద్దని గొడవ చేయలేదు. గొడవ చేసే మనిషిని కాదు. మర్యాదగా గాయపరిచే మనిషిని.

పెళ్ళి వాళ్ళ ఊళ్ళోనే జరిగింది. వెళ్ళాను. పందిట్లో అరగంట నిలబడ్డాను. అక్షింతలు వేశాను. భోజనాలకు అడ్డాకుల విస్తళ్ళు వరసగా పరిచారు. మా వియ్యపురాలు నా కోసం ఒకటి విడిగా, మిగతావాటికంటే కాస్త పెద్దది, తన చేత్తో కుట్టింది తెచ్చి ముందు పెట్టింది. ఉద్యోగం పేరులోనే విస్తరణ ఉన్నవాణ్ణి. విస్తరి ముందు కూర్చోవడానికి మాత్రం మోకాళ్ళు వంగలేదు.

"ఇవాళ శనివారం చెల్లెమ్మా. నాకు ఒక్కపొద్దు" అన్నాను.

ఆ రోజు బుధవారం.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ సరిదిద్దలేదు. నవ్వి ఉంటే నేనూ నవ్వేసి కూర్చునేవాణ్ణేమో. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, ఆ విస్తరిలోనే అన్నమూ కూరా పెట్టి, మీద ఇంకొకటి కప్పి, నారతో కట్టి నా చేతికిచ్చింది. ఒక్కపొద్దు విడిచాక తినమంది. ఆ పొట్లం రోడ్డు దాకా నా చేతిలో వెచ్చగానే ఉంది. బస్సు రాగానే షెల్టరులో రాతిబల్ల మీద దాన్ని పెట్టేసి ఎక్కాను. బస్సు కదిలేదాకా మా ఆవిడ కిటికీలోంచి ఆ బల్లనే చూస్తూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. ఆవిడ తిట్టిన రోజులు నాకు గుర్తుండవు. ఏమీ అనని రోజులే గుర్తుంటాయి.

పొట్లం సంగతి అమ్మాయికి తెలియదు. బుధవారం సంగతి తెలుసు. లెక్కల టీచరు కదా, వారాలు లెక్కపెట్టడం వచ్చు. ఆ సాయంత్రం నుంచే నాతో మాట్లాడడం మానేసింది.

మా వైపు తొలి పురుడు పుట్టింట్లో పోస్తారు. బేసి నెల చూసుకుని, ఏడులోనో తొమ్మిదిలోనో, వెళ్ళి అమ్మాయిని తెచ్చుకుంటారు. ఏడో నెల భాద్రపదంలో వచ్చింది. మా ఆవిడ వెళ్ళి పిలిచింది. అమ్మాయి అప్పటికి సెలవు పెట్టి అత్తగారి ఊళ్ళో ఉంటోంది. ఒకటే మాట చెప్పి పంపింది. నాన్న రావాలి, అత్తమ్మ ముందు నిలబడి తన నోటితో పిలవాలి. పిలిస్తే ఆ పూటే బయల్దేరుతుంది.

ఎంత చిన్న షరతు. గంట బస్సు, రెండు మైళ్ళ నడక, ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం తప్ప మిగతావన్నీ చేశాను.

ఆశ్వయుజం రాగానే వానలు వెనకపట్టాయి. పొద్దున పూట గోదావరి మీంచి మంచు వచ్చి కంచె మీద కూర్చునేది. బాలింత పత్యానికి ఏమేం కావాలో కాగితం మీద రాసుకున్నాను. లేత బీర, మెంతికూర, వెల్లుల్లి, వాము. బీర కాపుకు రావడానికి ఎన్ని రోజులో, అమ్మాయికి నెలలు నిండడానికి ఎన్ని రోజులో పక్కపక్కన వేసి చూస్తే, వారం అటూ ఇటూగా కలిశాయి. ముప్పై ఏళ్ళు రైతులకు పంచిన పంటల క్యాలెండరు నాకు పనికి రావడం అదే మొదలు. మడులు కట్టాను. వెల్లుల్లి రెబ్బలు ఒక్కొక్కటీ మొన పైకి వచ్చేలా గుచ్చాను. కాగితం మిల్లుకు పోయే లారీ మూల తిరుగుతూ జారవిడిచిన నాలుగు వెదురుబొంగులు దొరికితే చిక్కుడుకు పందిరి వేశాను. కూతురి పెళ్ళిపందిట్లో అరగంటకు మించి నిలవనివాడు చిక్కుడుపందిరి కింద పూటంతా నిలబడగలడని అప్పుడు తెలిసింది.

బీరపాదు పెట్టాక బీరాలు కూడా పలికాను. ఎదురింటాయన ఏం వేస్తున్నారని అడిగితే, మా అమ్మాయి పురిటికి వస్తోంది, పత్యానికి కూరగాయలు బజారులో కొనే పని లేదు అన్నాను. పురుడు సంగతేమో గానీ పురుగు ముందు వచ్చింది. చిక్కుడు పూత మీద పేనుబంక నల్లగా కమ్ముకుంది. దానికి ఏ మందో, ఎంత మోతాదో నాకు కంఠతా వచ్చు. కానీ కడుపుతో ఉన్న పిల్ల తినబోయే కాయ మీద కొట్టడానికి చెయ్యి రాలేదు. పొయ్యి బూడిద జల్లించి రోజూ పొద్దున్నే చల్లేవాణ్ణి. మెంతి మొలకెత్తిన మూడో రోజు కోతుల మంద దిగి మడి మొత్తం కలియదొక్కి పోయింది. మళ్ళీ చల్లాను.

మా ఆవిడ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసేది. "ఎన్ని పాదులు పెట్టినా దాని పాదం ఇటు పడాలి కదండీ" అంది ఒకసారి. ఆ ఇంట్లో మాటలతో ఆడుకునేది నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

కార్తీకం మొదట్లో, అమ్మాయికి తొమ్మిదో నెల పడ్డ వారానికి, చిక్కుడు కాపుకు వచ్చింది. నా చేతి కింద పండిన మొదటి కాపు. లేత ఆకుపచ్చ, అంచున సన్నటి ఊదా గీత. మొదటి కోత మొత్తం, ఒక్క కాయ ఇంట్లో ఉంచుకోకుండా, పాత విత్తనాల గుడ్డసంచిలో పోసి మా ఆవిడ చేతికిచ్చాను. అమ్మాయికి ఇమ్మన్నాను. వాళ్ళ అత్తగారింట్లో అందరూ తినాలని కూడా అన్నాను. ఆ చివరి మాట అనడానికి నేను ఎంత దూరం నడిచానో మా ఆవిడకు తెలుసు. అందుకే సంచి తీసుకుని, మీరూ రావచ్చు కదా అని కూడా అనకుండా బస్సెక్కింది.

పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చింది. కాళ్ళు కడుక్కుంటూ, తినలేదండీ అంది. కొత్తవట. తినకూడదట. సంచి అరుగు మీదే ఉంచారట, లోపలికి కూడా తీసుకుపోలేదట. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నాకు అక్కడి నుంచి వినిపించలేదు. లోపలికి తీసుకుపోలేదు అన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. ఫోన్ తీశాను. రెండున్నరేళ్ళ తర్వాత కూతురికి చేసిన మొదటి ఫోన్.

"మా ఇంటి చిక్కుడుకాయ మీ గడప దాటడానికి పనికిరాదా" అన్నాను. బాగున్నావా అని కాదు. ఒంట్లో ఎలా ఉందని కాదు.

అవతల తన గొంతు వినిపించింది. బడిలో పిల్లలకు రెండోసారి అదే లెక్క చెప్పేటప్పుడు ఉంటుందే, ఆ ఓపిక.

"చిక్కుడు పండగ గాకముందు కొత్త కాయ ఈ ఊర్ల ఎవ్వరు తినరు నాన్నా. నీ కాయే గాదు, మా పెరట్ల కాయ గూడ ముట్టం. ఇది నిజం. నీ శనివారం అసోంటిది గాదు."

పెట్టేసింది.

నాకు తెలియని సంగతి అయితే బాగుండేది. తెలుసు. ఎన్నోసార్లు చూశాను. ఆ ఊళ్ళలో కంచెల మీద చిక్కుళ్ళు ముదిరి, తోలు కట్టి వేలాడుతుంటే, ఎందుకు కోయలేదని అడిగేవాణ్ణి. పండగ కాలేదు సార్, ముందు పెద్దలకు పెట్టుకోవాలి, ఊరంతా ఒక్కరోజే తింటాం అని చెప్పేవాళ్ళు. నేను నా నోటుబుక్కులో, రైతులు సకాలంలో కోత కోయడం లేదు, అవగాహన కల్పించాలి అని రాసుకునేవాణ్ణి. ఆఫీసుకు వచ్చి, కోయవాళ్ళు కోయరు అని ఒక హాస్యం విసిరితే గుమాస్తాలు నవ్వేవాళ్ళు. చాలా ఏళ్ళు నడిచింది ఆ హాస్యం. అవగాహన ఎవరికి కల్పించాలో ఆ కాలమ్‌లో రాయలేదు.

మర్నాడు మా ఆవిడ పెట్టె సర్దుకుంది. "కూతుర్ని పిలవండీ అంటే కాయలు పంపారు. కాయలు తినలేదని కయ్యానికి పోయారు. ఇంక అది ఇక్కడికి రాదు. నేనే వెళ్తాను" అంది. నా పాత పంచె ఒకటి కూడా పెట్టెలో పెట్టుకున్నట్టు నేను తర్వాత గాని చూసుకోలేదు.

తోటలో నేనూ కోతులూ మిగిలాం. అప్పుడైనా వెళ్ళవచ్చు. బస్సులు ఉన్నాయి. రోజూ పొద్దున్నే వెళ్దామనుకుని, ముందు నీళ్ళు పెట్టి వెళ్దాం అనుకుని, నీళ్ళు పెట్టాక బీరతీగ పాకించి వెళ్దాం అనుకునేవాణ్ణి. తోటపనిలో గొప్పతనం ఏమిటంటే అది ఎప్పటికీ అయిపోదు. చెయ్యకూడని పని ఒకటి ఎదురుగా ఉన్నవాడికి అంతకంటే మంచి ఆశ్రయం లేదు. చేయవలసిన పని అని రాయబోయి చెయ్యకూడని అని రాశాను. అలాగే ఉండనిస్తున్నాను.

కార్తీకం చివర్లో ఒక ఉదయం, తొమ్మిది గంటలప్పుడు, చిక్కుడు పందిరి కింద బూడిద చల్లుతున్నాను. రోడ్డు మీద అంబులెన్సు మోత వినిపించింది. మా ఇల్లు సారపాకలో మణుగూరు రోడ్డు పక్కనే. అటు నుంచి వచ్చే దవాఖానా బండ్లన్నీ మా ముందు నుంచే పోయి, వంతెన దాటి భద్రాచలం చేరుతాయి. రోజూ వినేదే. ముందు బొగ్గులారీ అడ్డం ఉందేమో, మా గేటు దగ్గర కాస్త నెమ్మదించింది కూడా. నేను తల ఎత్తలేదు. ఆకు అడుగున కొత్తగా పేనుబంక కనిపించింది. దాని మీద బూడిద పడేలా చూసుకుంటున్నాను.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ చేసింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు.

"మన గేటు ముందు నుంచే వచ్చాం. మీరు బూడిద చల్లుతున్నారు" అంది.

ఆపించకపోయావా అన్నాను.

"ఆపుతానన్నాను. అదే వద్దంది. నాన్న పనిలో ఉన్నడు, పోనీయమంది."

వస్తానన్నాను. ఇప్పుడు రావద్దు, తన నోటితోనే వద్దంటోంది అని చెప్పి పెట్టేసింది. వంతెన మా ఇంటి నుంచి కూతవేటు దూరం. ఆ రోజు సాయంత్రం వంతెన దాకా నడిచి, మధ్యలో నిలబడి, నీళ్ళు చూసి వెనక్కి వచ్చాను.

నాలుగో రోజు ఇంటికి తీసుకుపోతున్నారని ఆవిడే చెప్పింది. లేత బీరకాయలు, రెండోసారి మొలిచిన మెంతికూర సంచిలో వేసుకుని పొద్దుటి నుంచి గేటు దగ్గర నిలబడ్డాను. కారు వచ్చింది. అల్లుడు ముందు సీట్లో ఉన్నాడు. నన్ను చూసి డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు, ఆపమన్నట్టు. వెనక్కి తిరిగి ఏదో అడిగాడు. మళ్ళీ ముందుకు తిరిగాడు. కారు ఆగలేదు. అల్లుడు నాకు నమస్కారం పెట్టాడు. వెనక అద్దంలోంచి మా ఆవిడ చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి పిలుస్తోందో, ఉండమంటోందో తెలియలేదు.

పిల్ల పుట్టిన ఇరవై ఒకటో రోజున, ఎవరూ పిలవకుండానే, వెళ్ళాను. షెల్టరులో రాతిబల్ల అలాగే ఉంది. దాని పక్క నుంచి నడుస్తుంటే ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. ఎవరూ లేరు. టేకు ఆకులు రాలడం మొదలైంది. రెండు మైళ్ళూ ఆ చప్పుడే.

ఇంటి ముందుకు వెళ్ళగానే మొదట కనిపించింది నా సంచి. పెంకుటింటి చూరుకు, వర్షం తగలకుండా లోపలి వాసానికి, నారతో కట్టి వేలాడుతోంది. సంచి మీది అచ్చు అక్షరాలు వెలిసిపోయాయి. లోపల కాయలు ఎండి గలగలమంటున్నాయి. నేను దాని కిందే నిలబడిపోయాను. మా వియ్యపురాలు నీళ్ళచెంబు తెచ్చి ఇచ్చి, నా చూపు ఎటుందో చూసింది.

"పండగ గాకముందు కొత్తయి ఇంట్లకు తేవద్దు గద అన్న. కింద పెడ్తె ఎలుకలు కొడ్తయని పైకి కట్టిన. పండగనాడు ముందుగాల గివ్వే వండుతం" అంది.

ఆ చెంబులో నీళ్ళు తాగాను. సీసా తెచ్చుకోలేదు.

మధ్యాహ్నం అరుగు మీద నాకు విస్తరి వేసింది. ఈసారీ కాస్త పెద్దదే. అన్నం గిన్నె పట్టుకుని వంగబోతుంటే లోపలి నుంచి మా అమ్మాయి గొంతు వచ్చింది.

"మా నాన్నకు పెట్టకు అత్తమ్మా. ఒక్కపొద్దుంటడు."

గిన్నె అక్కడే ఆగింది. మా ఆవిడ కొంగు సర్దుకుని పక్కకు తిరిగింది. ఆ రోజు ఏ వారమో నాకు నిజంగా గుర్తు రాలేదు.

"ఆ రోజు బుధవారం చెల్లెమ్మా" అన్నాను.

"ఎరికే అన్న" అంది ఆమె.

అంతటితో ఆగుతుందనుకున్నాను. అన్నం వడ్డిస్తూ, కోపం లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. "బస్సు కాడ బల్ల మీద మీరు ఇడిసిన పొట్లం మా ఇంటాయన ఎంటనే జూసిండు. మిమ్మల బస్సు ఎక్కిచ్చి వద్దామని ఎనకనే వచ్చిండు గద. కుక్కలకు ఎయ్యబుద్ధి గాలే. ఇంటికి తెచ్చిండు. మేమిద్దరం తిన్నం."

వాళ్ళ కొడుకు పెళ్ళిరోజున, నేను వదిలేసిన అన్నం. రెండున్నరేళ్ళు వాళ్ళకు తెలుసు. ఆ తెలిసినవాళ్ళే నా సంచిని ఎలుకలు కొట్టకుండా పైకి కట్టారు.

తిన్నాను. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. రుచి ఎలా ఉందంటే చెప్పలేను. విస్తరి ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. తల ఎత్తేసరికి మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల్లో పిల్ల. పాత బట్టలో చుట్టి ఉంది. ఆ సన్నటి ఎర్ర అంచు నేను గుర్తుపట్టాను. నా పంచె. నాకంటే ముందు వచ్చి ఆ ఇంట్లో కలిసిపోయింది. బట్టలోంచి ఒక పిడికిలి మాత్రం బయటికి వచ్చి, దేన్నో పట్టుకున్నట్టు గట్టిగా మూసుకుని ఉంది.

ఆ ఒక్క వాక్యం అప్పుడు అన్నాను. అత్తమ్మ ముందే, నా నోటితోనే.

"ఇంటికి రా బిడ్డా. నెల రోజులన్నా ఉండి పో."

"పురుడు అయిపోయింది గద నాన్నా" అంది. "ఇప్పుడు దేనికి."

అరవలేదు. ఏడవలేదు. పిల్ల కదిలితే చూసుకుని, ఎండ తగులుతోందని లోపలికి వెళ్ళిపోయింది. చేతికి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అడగడానికి మనిషికి కొంత పంట చేతికి వచ్చి ఉండాలి.

మా ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మూడో నెల వెళ్ళాక వస్తుందట. ఇక్కడ బీరకాయలు ముదిరి పీచు కట్టాయి. పత్యానికి వేసిన పాదు ఒళ్ళు రుద్దుకోవడానికి మిగిలింది. ఎదురింటాయన అమ్మాయి ఇంకా రాలేదా అని అడిగితే, ఒక ఎండు బీరకాయ కోసి చేతిలో పెట్టాను. వెల్లుల్లి ఆకులు పచ్చగా లేచాయి, వాటికి ఏమీ తెలియదు.

చిక్కుడు మాత్రం రెండో కాపు విరగకాసింది. బూడిద బాగా పనిచేసింది. పందిరి నిండా గుత్తులు ముదిరి, తోలు కట్టి, గాలి వీస్తే లోపల గింజలు చప్పుడు చేస్తున్నాయి. వాళ్ళ పండగకు ఇంకా చాలా రోజులు ఉంది. నన్ను ఎవరూ పిలవలేదు. అయినా నేను ఒక్క కాయ కోయలేదు. ఎందుకు కోయలేదని నోటుబుక్కు పట్టుకుని అడగడానికి ఏ అధికారీ జీపు దిగలేదు.